గుండు: ఎడమ వైపు నాలుగు కిలోమీటర్లు

మా ఊరికి అభివృద్ధి వచ్చిన పూట నేను సర్పంచి ఈరన్నకు గడ్డం గీస్తాండా. ఒక చెంప అయింది, రెండో చెంపకు సబ్బు పెట్టినా. అంతలో తెల్ల కార్లు దుమ్ము లేపుకుంటా వచ్చి గుండు ముందర ఆగినాయి. ఈరన్న సబ్బు చెంపతోనే లేచి పరిగెత్తినాడు. ఆఫీసర్లు కారు దిగితే సర్పంచులకు కుర్చీలో కుదురుండదు, అదొక జబ్బు.

గుండంటే ఏందో ముందు చెప్పాల. మాది కర్నూలు పక్క వాలుగుండుపల్లె. ఊరి మొదట్లోనే ఇల్లంత రాయి ఒకటి, పడబోయి మళ్ళీ ఎందుకులే అనుకున్నట్ల, ఒక పక్కకు వాలి నిలబడింటాది. దాన్నే గుండంటాం. ఆ వాలు కింద పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా నీడ. ఆ నీడలో కూచునే మా తాత ఊరికి క్షవరాలు చేసినాడు, మా నాయన చేసినాడు, ఇప్పుడు నేను, మద్దిలేటిని, చేస్తాండా. ఒక కుర్చీ, రాతి సందులో నిలబెట్టిన అద్దం, కత్తి, పటిక ముక్క, చెంబెడు నీళ్ళు. సెలూన్ పెట్టే తాహతు నాకు లేదు, పెట్టాలన్న ఆశా లేదు. మా పక్క ఎండలకు ఇంట్లో ఏసీ ఉన్నోడు గూడా వచ్చి ఆ నీడలో గంట కూచుని పోతాడు.

కార్లలోంచి దిగినోళ్ళలో సఫారీ డ్రస్సు వేసుకున్నాయన పేరు పరాంకుశం. భూవారసత్వ సుస్థిర పర్యాటక సంస్థకు డైరెక్టరు. నెత్తి మీద నల్లగా, ఒత్తుగా, నూనె పెట్టి దువ్విన జుట్టు. మా వృత్తిలో మనిషిని అక్కడే చూస్తాం. ఆయన వెంబడి హేమలత మేడమ్ అని, రాళ్ళ శాస్త్రం చదివినామె. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా పోయి గుండు మీద అరచెయ్యి ఆనించింది. "రెండు వందల యాభై కోట్ల ఏళ్ళు," అనింది మెల్లగా. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు ముట్టుకున్నట్ల ముట్టుకునింది. ఆమె నాకు నచ్చింది.

పరాంకుశం గారికి మాత్రం రాయి కంటే మైకే ఇష్టం. మైకు లేకపోయినా ఉన్నట్లే మాట్లాడతాడు.

"సుస్థిర భూవారసత్వ పర్యాటకం ద్వారా స్థానిక సముదాయాల సమగ్ర జీవనోపాధి వికాసమే మా సంస్థ ధ్యేయం," అన్నాడు. "ఈ క్షణం నుంచి ఈ శిల మీది కాదు. మానవాళిది."

ఈరన్న చప్పట్లు కొట్టినాడు. సబ్బు ఎండిపోయి చెంప బిగుసుకుపోయింది, అయినా నవ్వినాడు.

డైరెక్టరు చూపు నా కుర్చీ మీద పడింది. "ఇదేమిటి?"

"కుర్చీ సార్. ఊరోళ్ళకు క్షవరాలు చేస్తాంటా."

"వారసత్వ శిలకు యాభై మీటర్ల పరిధిలో వాణిజ్య కార్యకలాపాలు నిషిద్ధం."

"నాకు ఇంకో షాపు లేదు సార్. ఈ నీడ పోతే నా పని పోతాది. ఎండలో గంటసేపు ఎవడు కూచుంటాడు?"

"చూడండి మిస్టర్..."

"మద్దిలేటి సార్."

"మిస్టర్ మద్దిలేటి, ఈ పథకంలో మీరు ప్రథమ లబ్ధిదారు. మిమ్మల్ని ఖాళీ చేయించడం మీ లబ్ధిలో మొదటి దశ."

"రెండో దశ ఏంది సార్?"

"మొదటి దశ విజయవంతమయ్యాక దాని గురించి ఆలోచిస్తాం."

కుర్చీ వదలకూడదనుకున్నా. కానీ ఆయనెంబడి పోలీసాయన ఒకడు ఉన్నాడు, ఊరికే గోళ్ళు చూసుకుంటా నిలబడినాడు. నేను కుర్చీ ఎత్తుకున్నా. టేపు పట్టి కొలిచినారు. యాభై మీటర్లు సరిగ్గా పోయి కంపలో తేలింది. దాన్ని మా పక్క సర్కారు కంప అంటారు. పేరు పెట్టినోడు చానా తెలిసినోడు. ముండ్లు కొంచెం నరికి, మా ఇంట్లో ఉన్న చిరిగిన గొడుగు కట్టి, అక్కడ కూచున్నా. ఎండకు నెత్తి కాలి, మొదటి వారం వచ్చినోళ్ళు రెండో వారం మండలానికి పోయి చేయించుకునొచ్చినారు. నన్ను చూసి తల పక్కకు తిప్పుకుని పోయేటోళ్ళు, పాపం వాళ్ళకూ సిగ్గే.

గుండు చుట్టూ కంచె లేచింది. గేటు వచ్చింది, టికెట్లకు కిటికీ వచ్చింది. ఊర్లో ఉద్యోగం దొరికింది ఒక్క దస్తగిరికే. గేటు కాడ యూనిఫాం వేసుకుని, ఊరోళ్ళను లోపలికి రానీకుండా చూసుకోవడం ఆయన ఉద్యోగం.

కర్నూలు రోడ్డు మీద బోర్డు పెట్టినారు: 'ప్రాక్కేంబ్రియన్ శిలావిన్యాస భూవారసత్వ సందర్శనా క్షేత్రము'. అది చదివేలోపల బండి తర్వాతి ఊరికి పోయింటాది. దారి తప్పి మా ఊరికొచ్చిన ఒకాయన బండి ఆపి, పోసుకోవడానికని గుండు వెనక్కు పోబోతే, దస్తగిరి ఉరికి పోయి ఆయనకు టికెట్ కొట్టినాడు. మా ఊరికి వచ్చిన మొదటి పర్యాటకుడు ఆయనే. టికెట్ కొన్నాక ఇంక గేటు బయట ఎందుకు పోసుకుంటాడు?

కొన్నాళ్ళకు పరాంకుశం గారు మళ్ళీ వచ్చినాడు. ఈసారి ముఖం వాడిపోయింది. "సందర్శకుల సంఖ్య ఆశాజనకంగా లేదు," అన్నాడు. "లోపం ఎక్కడుందో గుర్తించాం. బోర్డులో స్థానిక నుడికారం లోపించింది. మీ మాటల్లో దీన్ని ఏమంటారు?"

"గుండు సార్," అన్నాం అందరం.

"గుండు. చిన్న మాట. చక్కటి మాట. బోర్డు మీద అదే రాయించండి."

హేమలత మేడమ్ నోరు తెరిచింది. "సార్, 'గుండు రాయి' అని రాద్దాం. ఉత్త గుండు అంటే..."

"అదనపు పదాలు వద్దు మేడమ్. గుండంటే ఏమిటో తెలుగువాళ్ళకు మనం చెప్పాలా?"

ఆ మాటలో మాత్రం తప్పు లేదు. వారం తిరక్కుండా రోడ్డు మీద పసుపు బోర్డు లేచింది. అర కిలోమీటరు దూరం నుంచే చదువుకునేంత అక్షరాలు. 'గుండు. ఎడమ వైపు నాలుగు కిలోమీటర్లు. పిల్లలకు ఉచితం.'

ఆ రోడ్డు మీద పోయేటోళ్ళలో సగం మంది మొక్కులు తీర్చుకోవడానికి దేవుని కొండకు పోయేటోళ్ళే.

మొదటి టెంపో ఆ ఆదివారమే వచ్చింది. ఆదోని పక్క మనుషులు. ఒక అవ్వ, ఆమె కూతురు, కూతురి చంకలో ఏడాది పిల్లోడు, వాడి నెత్తి మీద కండ్లలో పడే పుట్టెంటికలు. వాళ్ళ వెంబడి పిల్లోడి మేనమామ. మేనమామ దిగి దస్తగిరిని అడిగినాడు.

"గుండు యాడప్పా?"

"అదో, అంత లావున ఎదురుగా ఉంటే కనపడ్లేదా?"

"అది రాయి కదా."

"రాయే. దాన్నే గుండంటారు."

"మాకు ఆ గుండు కాదప్పా, గుండు కావాల."

"ఇక్కడ ఉండేది ఈ గుండొకటే. పెద్దోళ్ళకు టికెట్టు, పిల్లోళ్ళకు ఉచితం."

"పిల్లోడికే కావాల. మేమంతా చూస్తా నిలబడతాం."

"పిల్లోడొక్కడే లోపలికి ఎట్ల పోతాడు?"

"ఒక్కడే ఎందుకు, నా తొడ మీద కూచుంటాడు."

దస్తగిరికి తల తిరిగింది. ఇంతలో అవ్వ ముందుకొచ్చి, "ఇవన్నీ ఎందుకు నాయనా, కత్తి ఎవరి దగ్గరుందో చెప్పు," అనింది. కత్తి అనే మాట వినపడగానే దస్తగిరి భయపడి విజిల్ ఊదినాడు.

నేను కంపలోంచి చెయ్యెత్తినా. "అవ్వా, ఇట్ల రాండి. కత్తి నా దగ్గరుంది."

పిల్లోడు మేనమామ తొడ మీద కూచుని ఊరు లేచిపోయేటట్ల ఏడ్చినాడు. నున్నగా గీసి పంపినా. గుండు కొట్టించినాక మొక్కడానికి ఏదో ఒకటి ఎదురుగా ఉండాల కదా. అవ్వ గేటు లోపలికి పోయి రాయికి ఇంత పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. దస్తగిరి అడ్డం పోతే ఆయన నోట్లోనూ ఒక కొబ్బరి ముక్క పెట్టింది.

కొండ మీద గంటలు గంటలు లైన్లో నిలబడాల, ఇక్కడ దిగింది దిగినట్ల పని అయిపోతాంది. ఆ మాట ఎట్ల పాకిందో ఏమో, నెల తిరిగేలోపల ఆటోలు, ట్రాక్టర్లు, పెండ్లి బస్సులు. కంపలో ఎండ మండిపోతాన్నా జనం నా ముందర బారులు తీరినారు. నా మోకాళ్ళు పట్టుకుపోయినాయి, చేతులకు బొబ్బలు లేచినాయి. సంతోషమే. నీడ ఒక్కటి లేదు, అంతే.

ఈ సంగతి తెలిసి పరాంకుశం గారు పరుగున వచ్చినాడు. గేటు కాడ నిలబడి, లోపల తిరుగుతాన్న జనాన్ని చానాసేపు చూసినాడు.

"సందర్శకులందరూ ఒకేలా ఉన్నారేం?" అన్నాడు.

ఈరన్న చెవిలో చెప్పినాడు. డైరెక్టరు ముఖం నల్లబడింది, తర్వాత తెల్లబడింది, చివరికి వెలిగింది. "ఇది పొరపాటు కాదు," అన్నాడు. "ఇది ప్రజల ఆధ్యాత్మికతకూ ధరిత్రి ప్రాచీనతకూ జరిగిన సమ్మేళనం."

హేమలత మేడమ్‌కు ఏడుపొక్కటే తక్కువ. "సార్, వీళ్ళెవరూ రాయిని చూడటం లేదు. దాని మీద పసుపు పూస్తున్నారు."

"మేడమ్, రాయి ఎక్కడికీ పోదు. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళు ఆగింది కదా, ఈ ఆర్థిక సంవత్సరం ఆగలేదా?"

ఆ వారమే ఆర్డరొచ్చింది. టికెట్లలో దొంగ లెక్కలకు అవకాశం ఉంది కాబట్టి, ఇకమీద ముండిత శిరస్సే సందర్శనకు ధ్రువపత్రం. గుండున్నోడే గుండు చూసినట్లు. కర్నూలు నుంచి ఒక కాలేజీ లెక్చరరు పిల్లోళ్ళను వెంటబెట్టుకుని, నిజంగానే ఆ రాయి చూడాలని వచ్చినాడు. దస్తగిరి గేటు తీయలేదు. "గుండు చేయించుకుంటేనే గుండు చూపిస్తాం, లేదంటే లెక్క తప్పుతాది సార్," అన్నాడు. ఆ లెక్చరరు కంచె బయట నుంచే వేలు పెట్టి రాయిని చూపించి, పిల్లోళ్ళను మళ్ళీ బస్సెక్కించుకుని పోయినాడు.

ఆర్డర్లో ఇంకో ముక్క కూడా ఉంది. దాన్ని ఈరన్న చదివి వినిపిస్తే నేను లేచి నిలబడినా. క్షవరం ఇప్పుడు వ్యాపారం కాదంట, భూవారసత్వ కార్యకలాపమంట. కాబట్టి శిల పరిధి లోపలే జరగాలంట.

నేను ఆగలేదు. కుర్చీ నెత్తికెత్తుకుని గేటు కాడికి పోయినా. దస్తగిరి నా కండ్లలోకి చూడలేక బూట్లు చూసుకుంటా అన్నాడు. "మద్దిలేటీ, నీకు కాదంటప్పా. ఆమోదం పొందిన స్థానిక సేవకులకే అంట."

ఆ స్థానిక సేవకులు మర్నాడు వ్యాన్లో హైదరాబాదు నుంచి దిగినారు. కంపెనీ మనుషులు. అందరికీ ఆకుపచ్చ టీషర్టులు, వాటి మీద 'నేను స్థానికుణ్ణి' అని రాసింది. మా తాత కూచున్న నీడలో వరసగా కుర్చీలు వేసుకున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, కడుపు కూటికే వచ్చినారు. వాళ్ళలో ఒకాయన వచ్చి మంచినీళ్ళు యాడ దొరుకుతాయని అడిగితే నా చెంబే ఇచ్చినా.

కర్నూలులో పరాంకుశం గారి ఆఫీసుకు పోయినా. పొద్దున పోతే సాయంత్రం లోపలికి పిలిచినాడు.

"సార్, నేను మూడు తరాలుగా ఆ ఊరోడిని. నన్ను కాదని ఎవరినో స్థానికులంటే ఎట్ల?"

"భావోద్వేగాలు వద్దు. నిర్వచనం చూద్దాం. ప్రకటన వెలువడిన తేదీ నాటికి శిలా పరిధి లోపల వృత్తి సాగించేవాడే స్థానికుడు. ఆ తేదీన మీరు ఎక్కడున్నారు?"

"కంపలో సార్."

"అంటే పరిధి బయట."

"బయటికి జరిపింది మీరే కదా సార్."

"అవును. అప్పుడు మీరు ఎంతో సహకరించారు. అందుకు మా సంస్థ తరఫున అభినందనలు."

ఆయన లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చినాడు. బస్సెక్కిందాకా నాకు అర్థం కాలేదు, ఆయన నన్ను పొమ్మన్నాడని. ఇంటికొచ్చి చెబితే నా పెండ్లాం ఉలిగమ్మ పొయ్యి కాడ నుంచి లేవకుండానే, "ఆ షేక్‌హ్యాండ్ ఉడకబెడితే ఎంతమందికి వస్తాది?" అనింది.

ఇట్లుండగా ఢిల్లీ నుంచి కమిటీ వస్తాందని తెలిసింది. స్థానికులకు ఎక్కువ మేలు చేసిన రాయికి బహుమతి ఇస్తారంట. ఆఖరి పోటీకి మిగిలిన రాళ్ళలో మా గుండూ ఉందంట. పరాంకుశం గారు ఊరందరినీ గేటు ముందర కూచోబెట్టినాడు.

"కమిటీ వారు లబ్ధి పొందిన స్థానికులను చూడగోరుతున్నారు. మీలో ఎంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరు సార్," అన్నాడు ఈరన్న.

"ఎవరూ లేరనకూడదు. ఇంకా కనబడటం లేదు అనాలి. లబ్ధికి కొలమానం మన దగ్గర ఉండనే ఉంది. ముండిత శిరస్సు. మీ తలల మీద జుట్టు ఉన్నంతకాలం, క్షమించండి, అభివృద్ధి మిమ్మల్ని తాకనట్టే."

జనం గుసగుసలాడినారు. ఒకరిద్దరు తల తడుముకున్నారు. నేను వెనకాల కంప పక్కనే నిలబడింటి. అప్పుడు ఈరన్న లేచినాడు. ఆయన ఆఫీసరు ముందర లేచి నిలబడి మాట్లాడటం నేను చూసింది అదే మొదలు.

"సార్, ఊరంతా గుండ్లు కొట్టించుకుంటాం. మా మద్దిలేటి నీడ మద్దిలేటికి ఇచ్చేస్తారా?"

ఆ మాట ఆయన్ను అడగమని నేను అడగలేదు.

"పరిశీలిస్తాం," అన్నాడు డైరెక్టరు.

"పరిశీలించేది వద్దు సార్. ఇస్తామనండి."

డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. కమిటీ రావడం ఎల్లుండి. "ఇస్తాం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఊరు కదిలింది. టీషర్టు వాళ్ళు నీడలో కుర్చీలు దులిపి రమ్మని పిలుస్తానే ఉన్నారు. ఒక్కరు పోలేదు. ఎండలో, ముండ్లలో, నా చిరిగిన గొడుగు కింద బారులు తీరినారు. మండలానికి పోయి చేయించుకున్నోళ్ళు ముందొచ్చి కూచున్నారు. ముసలోళ్ళు వచ్చినారు, పెండ్లి కుదిరిన పిల్లోళ్ళు వచ్చినారు, "నెల్లో పెండ్లిరా నాయనా, నీకొద్దు" అంటే వినలేదు. ఆడోళ్ళూ కొంగు తీసి కూచున్నారు. నేను కండ్లు తుడుచుకుంటా గీస్తానే ఉన్నా.

ఆఖరున ఉలిగమ్మ వచ్చింది.

"నీకొద్దులే," అన్నా.

"ఊరంతా నీ కోసం తల వంచితే నేను జడ ఏసుకుని తిరగాలనా? కానీ."

జడ విప్పితే కుర్చీ కింద నేల మీద కుప్ప పడింది. పెండ్లికి ముందు ఆ జడ చూసే వీళ్ళ ఊరి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినోడిని. ఎన్ని వేల తలలు గీసింటానో, ఈ తల కాడ మాత్రం యాడ మొదలుపెట్టాల్నో తెలీక కత్తి మళ్ళీ మళ్ళీ నూరినా. ఏడుపొచ్చింది. ఏడ్చినా. ఆమె మాత్రం, "చెవి కాడ చూసుకో, తెగుతాది," అనింది.

కమిటీ వచ్చింది. ఎదురుగా ఊరు ఊరంతా నున్నగా, ఎండకు తళతళ మెరుస్తా నిలబడింది. కమిటీ పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీకు ఈ పథకం వల్ల ఏం లాభం కలిగింది?" అని ఈరన్నను అడిగినాడు. ఈరన్న తల వంచి చూపించినాడు. కమిటీ అంతా చప్పట్లు. ఫోటోగ్రాఫరు అటూ ఇటూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. నూటికి నూరు శాతం స్థానికులు లబ్ధి పొందిన రాయి దేశంలో ఇదొక్కటేనని బహుమతి ప్రకటించినారు.

పరాంకుశం గారు మాట తప్పలేదు, అది చెప్పాల. బహుమతి వచ్చింది కాబట్టి పథకం పూర్తయిపోయింది. కంపెనీ కుర్చీలు సర్దుకుని పోయింది. రోడ్డు మీది పసుపు బోర్డు పీకినారు, ఇంకో జిల్లాలో ఇంకో రాయికి కావాలంట. కంచె తలుపు తెరిచి నన్ను లోపలికి రమ్మన్నారు, 'సంస్థకు సహకరించినంతకాలం' అని ఒక మాట చెప్పి. నేను కుర్చీ వేసుకుని నీడలో కూచున్నా. చల్లటి గాలి. అద్దం, కత్తి, చెంబు అన్నీ ఉండాయి. క్షవరం చేయించుకోవడానికి ఊర్లో ఒక్క నెత్తి మీద వెంట్రుక లేదు. రోడ్డు మీద బోర్డు లేదు కాబట్టి బయటోళ్ళూ రారు.

రోజూ మధ్యాన్నం ఊరోళ్ళే వచ్చి నా చుట్టూ కూచునేటోళ్ళు. ఆముదం పూసుకుని వచ్చి తల వంచి చూపించేటోళ్ళు. "చూడు మద్దిలేటీ, ఏమన్నా వచ్చిందా?" "వస్తాంది, వస్తాంది." "ఇంకొంచెం ఓపిక పట్టు, మొదటి క్షవరం నాదే." వాళ్ళ ప్రేమకు నాకు నవ్వొచ్చేది, ఆకలీ వేసేది.

ఆ దినాల్లోనే ఉలిగమ్మ సంతకని బస్సులో పోయింది. సంత చేయకుండానే తిరిగొచ్చింది. కొంగు నుదురు దాకా కప్పుకుని గోడకు తిరిగి కూచునింది. చీకటి పడినాక చెప్పింది.

"రోడ్డు మలుపులో కొత్త బోర్డు పెట్టినారు. నా బొమ్మ. బోడి నెత్తితో, ఇంత లావున. 'ఈమె లబ్ధి పొందింది, మీరూ పొందండి' అని రాసినారంట, బస్సులో ఒకాయన గట్టిగా చదివినాడు. అందరూ బోర్డును చూసి, మళ్ళీ తిరిగి నన్ను చూసినారు." కొంగు ఇంకా కిందికి లాక్కుని అనింది. "నీకిచ్చిన జుట్టది. వాళ్ళకెందుకు?"

ఆమె ఆ పూట తినలేదు. నేనూ తినలేదు.

తెల్లారి కత్తి, చెంబు తీసుకుని రోడ్డుకు పోయినా. ఇనప స్తంభాల మీద ఫ్లెక్సీ బోర్డు. ఒక పక్క ఉలిగమ్మ, ఎండకు కండ్లు చిట్లించుకుని. ఇంకో పక్క బహుమతి పట్టుకుని పరాంకుశం గారు, నూనె పెట్టి దువ్విన జుట్టుతో. స్తంభం పట్టుకుని ఎక్కినా. ముందు ఉలిగమ్మ బొమ్మ చుట్టూ కత్తితో జాగ్రత్తగా కోసి, చుట్ట చుట్టి నడుముకు దోపుకున్నా. తర్వాత రెండో పక్కకు జరిగినా.

కింద కారు ఆగింది. తెల్ల కారు. పరాంకుశం గారు దిగి పైకి చూసినాడు. "ఏయ్, ఏం చేస్తున్నావ్? సంస్థ ఆస్తి అది. ఈ క్షణం నుంచి నీ నీడ రద్దు."

"చేసుకోండి సార్," అని చెంబులో చెయ్యి ముంచి, బోర్డు మీద ఆయన నెత్తి బాగా తడిపి, కత్తి ఆనించినా. "లబ్ధి పొందకుండా మీరొక్కరే మిగిలిపోయినారు."